రాయలసీమ పల్లెల్లో రేడియో: స్టేషన్ కంటే బ్యాటరీదే పెద్ద కథ

క్లుప్తంగా: 1938లో మద్రాసు, 1948లో విజయవాడ కేంద్రాలు మొదలైనా కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో రేడియో వెంటనే కుదురుకోలేదు. దూరం, రాతి నేల సిగ్నల్‌ను పలచన చేశాయి. కరెంటు లేని ఊళ్లలో వాల్వు సెట్టుకు (ట్రాన్సిస్టర్లకు ముందు గాజు గొట్టాలతో నడిచినది) బ్యాటరీలు సమకూర్చడం సెట్టు కొనడం కంటే బరువైంది. 1960ల్లో కడప కేంద్రం, ట్రాన్సిస్టరు సెట్లు ఇంచుమించు ఒకేసారి రావడంతో ఈ లెక్క మారింది. పాత సెట్లు ఇప్పుడు ఎందుకు మూగబోతున్నాయో కూడా ఆ లెక్కలోనే దొరుకుతుంది.

అటక మీది పాత ట్రాన్సిస్టరు దించి, కొత్త సెల్లులు వేసి తిప్పితే గరగర తప్ప మాట రావడం లేదన్నది తరచూ వినిపించే ఫిర్యాదు. సెట్టు చెడిందా, ఆ స్టేషనే ఆగిందా, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు అడ్డుపడుతున్నాయా అన్నది చాలామందికి తేలడం లేదు. మూడూ ఒకేసారి నిజం కావచ్చు. ఏది ఎంతవరకు నిజమో తేలాలంటే ఈ ప్రాంతానికి రేడియో ఏ దారిన వచ్చిందో ముందు చూడాలి.

దూరం, నేల, రాత్రి

మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అక్కడి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటరు శక్తి పావు కిలోవాట్ మాత్రమే; అది నగరం వరకే. దూరప్రాంతాల కోసం 10 కిలోవాట్ల షార్ట్ వేవ్ ట్రాన్స్‌మిటరు పెట్టారు. కాబట్టి కడపలోనో అనంతపురంలోనో మద్రాసు వినాలంటే షార్ట్ వేవ్ బ్యాండు ఉన్న ఖరీదైన సెట్టు తప్పనిసరి. గీతంత జరిగితే స్టేషన్ పోయే బ్యాండు అది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. కానీ కర్నూలు నుంచి విజయవాడ గాలి దూరం సుమారు 290 కిలోమీటర్లు. కర్నూలుకు హైదరాబాదు 180 కిలోమీటర్ల లోపే కనుక అక్కడివారు ఎక్కువగా ఆ వైపే తిప్పేవారు. 1955లో బెంగళూరు కేంద్రం మొదలయ్యాక హిందూపురం, మడకశిర వైపు కన్నడ ప్రసారాలే దగ్గరయ్యాయి. 1953 నుంచి 1956 దాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్నా అక్కడ రేడియో కేంద్రం లేదు.

దూరానికి తోడు నేల. పగటి పూట మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని సాగుతుంది. నేలలో తడి, లవణం ఉంటే దూరం పోతుంది. పొడి రాయి అయితే అదే నేల తరంగాన్ని మింగేస్తుంది. నంద్యాల వైపు నల్లరేగడి కొంత నయం. గ్రానైటు మీద జానెడు మందాన ఎర్రమట్టి పరుచుకున్న అనంతపురం మెట్టలు ఈ లెక్కలో బాగా వెనకబడతాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఈ నష్టం ఇంకా ఎక్కువ.

చీకటి పడితే లెక్క తిరగబడుతుంది. పగలు మీడియం వేవ్‌ను పీల్చేసే అయనావరణపు (ఆకాశంలో ఎత్తున విద్యుదావేశమున్న గాలి పొరలు) డి పొర సూర్యాస్తమయం తర్వాత కరిగిపోతుంది. పై పొరలను తాకిన తరంగం వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. పగలు పలకని దూరపు స్టేషన్లు రాత్రి ఎనిమిదికల్లా గణగణమనడానికి కారణం ఇదే. దీనివల్ల నష్టమూ ఉంది. స్టేషన్‌కు నూరు, నూటయాభై కిలోమీటర్ల దూరంలో నేలబారు తరంగం, ఆకాశం నుంచి దిగిన తరంగం దాదాపు సమాన బలంతో కలుస్తాయి. అవి ఒక క్షణం తోడై, మరో క్షణం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అనంతపురంలో రాత్రి పూట కడప స్టేషన్ పొంగుతూ కుంగుతూ వినిపించడం సెట్టు లోపం కాదు. రెండు పట్టణాల మధ్య గాలి దూరం దాదాపు 130 కిలోమీటర్లు; సరిగ్గా ఆ చిక్కు పట్టీలోనే ఉంది.

వాల్వు సెట్టు తిండి

సిగ్నల్ దొరికినా కరెంటు లేదు. స్వాతంత్ర్యం నాటికి పల్లెల్లో రేడియో అంటే బ్యాటరీ సెట్టే. నాలుగు వాల్వుల బ్యాటరీ సెట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు: డీకే 91, డీఎఫ్ 91, డీఏఎఫ్ 91, డీఎల్ 92. మొదటి మూడింటి ఫిలమెంట్లు (వాల్వులో వేడెక్కే సన్నని తీగలు) ఒక్కొక్కటి 50 మిల్లీఆంపియర్లు, చివరిది 100, మొత్తం 250. దీనికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ. వాల్వు లోపలి ప్లేట్లకు (కరెంటును అందుకునే రేకులు) వేరే 90 వోల్టుల బ్యాటరీ కావాలి. అంటే ఒకటిన్నర వోల్టుల చిన్న సెల్లులు 60 వరసగా పేర్చిన డబ్బా. దాని నుంచి సెట్టు 12 నుంచి 15 మిల్లీఆంపియర్లు లాగుతుంది. రెండూ కలిపితే ఒకటిన్నర వాట్లకు అటూ ఇటూ. వినడానికి తక్కువే. కానీ ఆ శక్తిలో ఎక్కువ భాగం 60 సెల్లుల డబ్బా నుంచి రావాలి, అది అయిపోతే మొత్తం డబ్బా పారేయాలి. ఏనుగును కొనడం కంటే మేపడం కష్టమన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

తర్వాత వచ్చిన 96 వరస వాల్వులు ఫిలమెంటు ఖర్చును సగానికి, అంటే 125 మిల్లీఆంపియర్లకు దించాయి. 90 వోల్టుల డబ్బా భారం మాత్రం పెద్దగా తగ్గలేదు.

బ్యాటరీ నీరసించే తీరు కూడా వినేవారిని తప్పుదోవ పట్టించేది. ఫిలమెంటు వోల్టేజి 1.1 దగ్గరికి జారగానే అన్నిటికంటే ముందు డీకే 91లోని ఆసిలేటరు (స్టేషన్‌ను పట్టడానికి సెట్టులోనే తరంగం పుట్టించే భాగం) ఆగిపోతుంది, అదీ మొదట షార్ట్ వేవ్‌లో. స్పీకరులో సన్నని సుయ్‌మనే చప్పుడు ఉంటుంది, స్టేషన్ ఒక్కటీ ఉండదు. చాలామంది ప్రసారమే లేదనుకుని సెట్టు కట్టేసేవారు. 90 వోల్టుల డబ్బా ముసలిదైతే లక్షణం వేరు: లోపలి నిరోధం పెరిగి, చివరి వాల్వు లాగే కరెంటు మొదటి వాల్వుల సరఫరానూ ఊపుతుంది. దాంతో పడవ ఇంజను లాంటి బుడబుడ శబ్దం మొదలవుతుంది. డబ్బాకు అడ్డంగా 8 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కండెన్సరు వేస్తే ఇంకొన్ని వారాలు నెట్టుకురావచ్చు. ఇక 90 వోల్టుల తీగ పొరపాటున ఫిలమెంటు పిన్నుకు తగిలితే నాలుగు వాల్వులూ కన్ను మూసి తెరిచేలోగా మాడిపోతాయి. రెండు బ్యాటరీల ప్లగ్గులకు పిన్నుల అమరిక వేరువేరుగా పెట్టింది ఇందుకే. ప్లగ్గు విరిగి తీగలు నేరుగా చుట్టిన ఇళ్లలో ఆ రక్షణ పోయినట్టే.

ఇదే సమస్య ఆఫ్రికాలో ఎలా తేలిందో చూస్తే పోలిక స్పష్టమవుతుంది. ఇప్పటి జాంబియా, అప్పటి ఉత్తర రొడీషియాలో 1949లో ఒక చౌక సెట్టు తెచ్చారు. అల్యూమినియం గిన్నె మూసలో చేసిన పెట్టె కాబట్టి దానికి ‘సాస్‌పాన్’ రేడియో అని పేరు పడింది. తయారు చేసింది బ్యాటరీల కంపెనీ ఎవర్ రెడీయే. నాలుగు వాల్వులు, షార్ట్ వేవ్, ధర 5 పౌన్లు. విడిగా కొనాల్సిన బ్యాటరీ 25 షిల్లింగులు, అంటే సెట్టు ధరలో నాలుగో వంతు. 300 గంటలు వచ్చేది. రోజుకు మూడు గంటలు వింటే నూరు రోజులు. అక్కడ సెట్టును, బ్యాటరీని, ప్రసారాన్ని ఒకే పథకంగా ఆలోచించారు. భారతదేశంలో ప్రసారం ఒక శాఖది, సెట్టు దిగుమతిదారుది, లైసెన్సు తపాలా కార్యాలయానిది. ఏటా 10 రూపాయల లైసెన్సు ఫీజుతో మొదలైన ఈ పద్ధతి రద్దయ్యేసరికి 1985 వచ్చింది.

పంచాయతీ సెట్టు తంటాలు

ఇంటింటికీ సెట్టు సాధ్యం కాదు కనుక ఊరికొకటి అన్న ఆలోచన వచ్చింది. 1930లలోనే దేశంలో కొన్నిచోట్ల ఊరుమ్మడి సెట్లు పెట్టి చూశారు. స్వాతంత్ర్యం తర్వాత సబ్సిడీతో ఆ పని విస్తరించింది. చావిడిలో సెట్టు, బయట రచ్చకట్ట వైపు తిప్పిన లౌడ్‌స్పీకరు.

కరెంటు లేని ఊళ్లలో ఇలాంటి సెట్టు 6 వోల్టుల కారు బ్యాటరీతో, వైబ్రేటరు సాయంతో నడుస్తుంది. వైబ్రేటరు అంటే సెకనుకు వంద సార్లకు పైగా కొట్టుకునే ఇనుప నాలుక. అది బ్యాటరీ కరెంటును తెంచి కలిపి ట్రాన్స్‌ఫార్మరుకు అందిస్తే అక్కడ వోల్టేజి పెరుగుతుంది. సెట్టు రెండు ఆంపియర్లు లాగుతుందనుకుంటే, సాయంత్రం రెండున్నర గంటలు పెడితే రోజుకు 5 ఆంపియర్ గంటలు. 90 ఆంపియర్ గంటల బ్యాటరీ పదిహేను రోజుల్లో దాదాపు ఖాళీ. రెండు వారాలకోసారి బ్యాటరీ బండెక్కి ఛార్జింగుకు పట్నం పోవాలి, బదులు ఇంకొకటి రావాలి. వానకు దారి తెగినా, జీపు చెడినా, ఛార్జింగు డబ్బుకు సంతకం ఆలస్యమైనా ఊరు మూగబోతుంది. ఖాళీ అయిన లెడ్ బ్యాటరీని అలాగే నెల ఉంచితే ప్లేట్ల మీద గట్టి సల్ఫేటు పొర కట్టి, తర్వాత ఎంత ఛార్జి చేసినా నిలవదు. ఆలస్యం ఒకసారి జరిగినా నష్టం శాశ్వతం. ఊరుమ్మడి సెట్ల వైఫల్యానికి జనంలో ఆసక్తి లేకపోవడమే కారణమని చెప్పడం సులువు. వేరే కారణం వెతికే ముందు ఈ పదిహేను రోజుల గడువును చూడాలి.

కరెంటు వచ్చిన ఊళ్లలో వేరే చిక్కు. సాయంత్రం వోల్టేజి పడిపోతే సెట్టు వెనక వోల్టేజి మార్చే ట్యాపును 240 నుంచి 200కు మార్చుకునేవారు. అర్ధరాత్రి మోటార్లు ఆగి వోల్టేజి ఒక్కసారి లేస్తే, కట్టడం మరిచిన సెట్టులో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయేది. ట్రాన్స్‌ఫార్మరే లేని ఏసీ/డీసీ సెట్లు ఇంకా ప్రమాదం. యూసీహెచ్ 81, యూవై 85 లాంటి వాల్వుల ఫిలమెంట్లన్నీ వరసగా కలిపి నేరుగా మెయిన్స్‌కు తగిలిస్తారు. ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోపలి ఇనుప చట్రం) కూడా ఒక తీగకు కలిసే ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిరగేసి పెడితే ఛాసిస్ నిండా 230 వోల్టులు. నాబు ఊడి లోపలి ఇనుప కడ్డీ చేతికి తగిలితే షాకే. నాబు స్క్రూ గుంతలో మైనం నింపి ఉంటే అది అందానికి పూసింది కాదు, తీయకూడదు.

ఏరియల్, ఎర్త్

బలహీన సిగ్నల్ ప్రాంతంలో సగం పని సెట్టు బయటే. దూరపు స్టేషన్‌కు 30 నుంచి 40 అడుగుల రాగి తీగ, కనీసం 20 అడుగుల ఎత్తు, రెండు కొనల పింగాణి గుడ్డు ఇన్సులేటర్లు. దిగుడు తీగ గోడకు ఆనకూడదు. జాలీ (తీగల వల) ఏరియల్ ఇంట్లో కట్టుకోవడానికి వీలే గానీ రాతి మిద్దె కింద అంతగా పట్టదు.

ఎర్త్ అసలు పరీక్ష. తడి నేలలో నాలుగడుగుల ఇనుప పైపు చాలు. అనంతపురం ఎర్రనేలలో మూడడుగులకే రాయి తగులుతుంది, పైమట్టిలో చెమ్మ ఉండదు. అక్కడ రెండడుగుల వెడల్పున గుంత తీసి బొగ్గు, ఉప్పు వరసలుగా వేసి, మధ్యలో రాగి రేకో పైపో నిలబెట్టి, స్నానాల నీరు అటు మళ్లేలా చేస్తే ఎండాకాలమూ పనిచేస్తుంది. ఉప్పు రెండు మూడేళ్లకు కొట్టుకుపోతుంది, మళ్లీ వేయాలి. పైపుకు తీగ చుట్టి వదిలేస్తే తుప్పు పట్టి గరగర మొదలవుతుంది, క్లాంపుతో బిగించాలి. ఉరుముల కాలంలో ఏరియల్‌ను సెట్టు నుంచి తీసి నేరుగా ఎర్త్‌కు కలిపే కత్తి స్విచ్చు ఉండాలి. ఇక్కడ వేసవి చివరి గాలివానల్లో పిడుగులు తక్కువేం కాదు.

బ్యాటరీ అక్కరలేని సెట్టు కూడా ఒకటుంది: క్రిస్టల్ సెట్. రెండంగుళాల గొట్టం మీద 26 గేజి ఎనామిల్ తీగ 75 చుట్లు, 500 పికోఫారడ్ల గ్యాంగు (స్టేషన్ తిప్పే కండెన్సరు), ఒక ఓఏ 79 డయోడు, చెవికి క్రిస్టల్ ఇయర్‌ఫోన్. చుట్ల లెక్క ప్రకారం కడప స్టేషన్ ఉండే 900 కిలోహెర్ట్జ్, గ్యాంగు పావు వంతు మూసినచోట దొరుకుతుంది. ఇది స్టేషన్ పంపే శక్తినే వాడుకుంటుంది కనుక ట్రాన్స్‌మిటరు చుట్టుపక్కల ఊళ్లకే పనికొస్తుంది. కడప పరిసరాల్లో మాట వింటుంది; మడకశిరలో వినదు.

1963: రెండు మార్పులు ఒకేసారి

కడప ఆకాశవాణి 1963లో మొదలైంది. 900 కిలోహెర్ట్జ్, అంటే శ్రోతల నోట నానిన 333.3 మీటర్లు, ట్రాన్స్‌మిటరు శక్తి తర్వాత 100 కిలోవాట్లకు పెరిగింది. సరిగ్గా అదే కాలంలో బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో రిసీవింగ్ వాల్వులు, 1962లో జెర్మేనియం సెమీకండక్టర్లు తయారు చేయసాగింది. సెట్ల కోసం బొంబాయి, కలకత్తాల్లోని మర్ఫీ, నెల్కో, ఫిలిప్స్ వైపే చూడాల్సిన అవసరం తగ్గింది. మద్రాసు రిచీ వీధిలో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో విడిభాగాలు కొని ఊళ్లోనే బిగించిన ‘లోకల్ సెట్లు’ మొదలయ్యాయి.

ఖర్చు ఎంత మారిందో చూడండి. నాలుగు పెద్ద సెల్లులు, 6 వోల్టులు, సగటున 25 మిల్లీఆంపియర్లు: 0.15 వాట్లు. వాల్వు సెట్టులో పదో వంతు. సెల్లు 4 ఆంపియర్ గంటలు ఇస్తుందనుకుంటే రోజుకు మూడు గంటల చొప్పున యాభై రోజులు. పైగా ఆ సెల్లులు టార్చిలైటు కోసం ప్రతి పల్లె అంగడిలోనూ ముందే ఉన్నాయి. 90 వోల్టుల డబ్బాలా పట్నం నుంచి తెప్పించాల్సిన పని లేదు. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి మళ్లీ వేయడం అందరికీ తెలిసిన చిట్కా. వేడికి రసాయన చర్య కాసేపు వేగం పుంజుకుంటుంది, అంతే. జింకు తొడుగు అప్పటికే పలచబడి ఉంటుంది కనుక అలాంటి సెల్లును సెట్టులో మరిచిపోతే కారిపోయి స్ప్రింగులను తినేస్తుంది.

ఒక్క ట్రాన్సిస్టరు వల్లే పల్లెలు రేడియో విన్నాయనడం సగం నిజమే. ఆరు ట్రాన్సిస్టర్ల చిన్న సెట్టు ఏరియల్, ఎర్త్ లేకుండా లోపల ఏరియల్‌గా పనిచేసే ఫెర్రైటు కడ్డీతోనే పలకాలంటే సిగ్నల్ గట్టిగా ఉండాలి. ఆ బలం కడప ఇచ్చింది. ఫెర్రైటు కడ్డీకి దిశ ఉంది: కడ్డీ కొన స్టేషన్ వైపు చూస్తే శబ్దం తగ్గుతుంది, అడ్డంగా ఉంటే పెరుగుతుంది. సెట్టును అటూ ఇటూ తిప్పి గూట్లో పెట్టే అలవాటు దీని వల్లే.

లోకల్ సెట్టు ఎక్కడ చెడేది

మామూలు అమరిక ఇది: కన్వర్టరుకు (స్టేషన్ ఫ్రీక్వెన్సీని మార్చే భాగం) ఏఎఫ్ 115, ఐ.ఎఫ్.కు (ఏ స్టేషన్‌నైనా మార్చి తెచ్చే ఒకే మధ్య ఫ్రీక్వెన్సీ) ఏఎఫ్ 117లు రెండు, డిటెక్టరుకు (తరంగం నుంచి మాటను విడదీసే భాగం) ఓఏ 79, డ్రైవరు, చివర ఏసీ 128లు జంటగా. టంకం వేయడం కంటే ట్యూనింగే అసలు నేర్పు. ఐ.ఎఫ్. ట్రాన్స్‌ఫార్మర్లు 455 కిలోహెర్ట్జ్‌కు కుదరాలి. తర్వాత బ్యాండు కింది కొనన, ఇక్కడైతే బెంగళూరు 612 కిలోహెర్ట్జ్ దగ్గర, ఆసిలేటరు కాయిల్ కోరు తిప్పి, కడ్డీ మీద యాంటెనా కాయిల్ జరిపి శబ్దం పెంచాలి. పై కొనన 1400 ప్రాంతంలో ట్రిమ్మర్లు (సరిదిద్దే చిన్న కండెన్సర్లు) తిప్పాలి. ఒకటి సరిచేస్తే రెండోది కదులుతుంది కనుక రెండు మూడు సార్లు అటూ ఇటూ చేయాలి.

సిగ్నల్ జనరేటరు లేక చెవితో కుదిర్చిన సెట్లలో ఐ.ఎఫ్. 455కు బదులు 450కి జారవచ్చు. మామూలు చోట దీనితో నష్టం లేదు. కానీ 450కి రెట్టింపు 900, అంటే సరిగ్గా కడప స్టేషన్. డిటెక్టరులో పుట్టిన ఆ రెండో హార్మోనిక్ (రెట్టింపు ఫ్రీక్వెన్సీ) ఫెర్రైటు కడ్డీకి తిరిగి చేరితే, మిగతా స్టేషన్లన్నీ బాగా పలికి, కావలసిన కడప దగ్గరే ఈల వస్తుంది. 455 దగ్గర కూడా రెట్టింపు 910 కనుక చిక్కు పూర్తిగా పోదు. డయోడు తీగలు పొట్టిగా ఉంచి, కడ్డీకి దూరంగా పెట్టి, డిటెక్టరు తర్వాత 0.01 మైక్రోఫారడ్ కండెన్సరుతో హార్మోనిక్‌ను నేలకు దించాలి. ఐ.ఎఫ్. డబ్బాల తగరపు చెవులు ఎర్త్‌కు టంకం వేశారో లేదో చూడాలి. హడావిడిలో వదిలేసేది అవే.

రెండో శత్రువు ఎండ. జెర్మేనియం ట్రాన్సిస్టరులో లీకేజి కరెంటు ప్రతి 10 డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు. 25 డిగ్రీల గదిలో బిగించిన సెట్టు కర్నూలు మే నెలలో 45 డిగ్రీల పెంకుటింట్లో పలకాలంటే నాలుగు రెట్లు. ఏసీ 128 వేడెక్కి ఎక్కువ కరెంటు లాగుతుంది, దానితో ఇంకా వేడెక్కుతుంది. చివరికి మాడుతుంది, లేదా సెల్లులు వారంలో అయిపోతాయి. మంచి సెట్లలో బయాస్‌కు (ట్రాన్సిస్టరును పని స్థితిలో నిలిపే చిన్న వోల్టేజి) థర్మిస్టరు (వేడికి తగ్గట్టు నిరోధం మారే భాగం), ఎమిటర్లకు చిన్న రెసిస్టరు ఉంటాయి. లోకల్ సెట్టులో నాలుగు అణాలు మిగుల్చుకోవడానికి తీసేసేవి సాధారణంగా ఈ రెండే.

ఇప్పుడు

దేశమంతటా మీడియం వేవ్ ప్రసారాలు తగ్గుతూ ఎఫ్.ఎం. పెరుగుతోంది. అనంతపురం, కర్నూలులలో ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రాలున్నాయి. ఎఫ్.ఎం. 88–108 మెగాహెర్ట్జ్‌లో వస్తుంది, మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే ఉన్న పాత సెట్టుకు అది అందదు. ధ్వని శుభ్రంగా ఉన్నా ఆ తరంగం దాదాపు చూపు మేరకే సాగుతుంది. నల్లమల, పాలకొండల వెనక లోయల్లో నీడ పడుతుంది. మీడియం వేవ్ తరంగం ఆ కొండల చాటుకూ వంగి దిగేది. మైదానపు పట్టణాలకు ఈ మార్పు లాభం, అటవీ అంచు ఊళ్లకు నష్టం.

పాత సెట్టును పరీక్షించేటప్పుడు మొదట దాన్ని ఇంటికి, కరెంటు తీగలకు వంద అడుగుల దూరం తీసుకెళ్లాలి. అక్కడ గరగర తగ్గితే దోషం ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఛార్జర్లు, ఇన్వర్టర్లది. రాత్రి దూరపు స్టేషన్లు పట్టి పగలు కడప పట్టకపోతే సెట్టు బాగున్నట్టే, ప్రసార వేళలు కనుక్కోవాలి. ఏదీ పట్టకపోతే స్ప్రింగుల పచ్చతుప్పు గరుకు కాగితంతో తీసి, బ్యాటరీకి అడ్డంగా ఉన్న 100 మైక్రోఫారడ్ల కండెన్సరు మార్చి చూడాలి. ముసలి సెట్లలో ముందు ఎండిపోయేది అదే. ఏసీ 128 దొరకక సిలికాన్ ట్రాన్సిస్టరు వేస్తే బయాస్ 0.2 వోల్టుల నుంచి 0.65కు పెంచాలి, లేకపోతే గొంతు చీలినట్టు పలుకుతుంది. ఐ.ఎఫ్. కోర్లను మాత్రం ఊరికే తిప్పకూడదు. నలభై ఏళ్లుగా కదలని ఫెర్రైటు మర స్క్రూడ్రైవరు తగలగానే పగిలిపోతుంది, ఆ కొలతకు సరిపోయే కోరు ఇప్పుడు దొరకడం కష్టం.